ఎర్ర గుడ్డ కట్టని డబ్బా

పెంచలమ్మత్త బర్రె ఒళ్ళంతా నల్లటి జిడ్డుతో, మెడ కింద బొబ్బలెక్కి, మేత ముట్టకుండా పాకలో పడి ఉంది. పక్కనే దాని దూడ, రెండు నెలలది, మూతి నిండా అదే నలుపు. ఆ నూనె పూసింది మా అత్త. తెచ్చి ఇచ్చింది నేను. 'ఏం కాదు, పూయి' అని చెప్పింది కూడా నేనే. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే చెప్పుకుంటూ పోతే మధ్యలో ఎక్కడో ఒకచోట ఈ తప్పును ఇంకొకడి నెత్తిన రుద్దాలని చూస్తాను. నా సంగతి నాకు తెలుసు.

అసలు చెప్పవలసింది ఖలీలుల్లా గురించి. ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని ముప్ఫై ఐదేళ్ళుగా బండ్లు బాగుచేస్తున్న మనిషి. ఆయన మీద నాకు వచ్చినంత కోపం లోకంలో ఇంకెవరి మీదా రాలేదు. తప్పు చేసినందుకు కాదు, ఏ ఒక్కసారీ తప్పు చేయనందుకు. అలాంటి వాడితో వేగడం ఎంత కష్టమో వేగినవాడికే తెలుస్తుంది.

నా పేరు కోటేశ్వర్. ఉదయగిరికీ ఆత్మకూరుకీ మధ్య కారు బాడుగకు తిప్పుతాను. పెళ్ళిళ్ళకు, నెల్లూరు ఆసుపత్రులకు, సోమశిల చూడాలని వచ్చే చుట్టాలకు. డీజిలు బండి. పదకొండేళ్ళుగా దాన్ని ఖలీలుల్లాకే చూపిస్తున్నాను. పదకొండేళ్ళుగా తిట్లు తింటున్నాను.

ఆ షెడ్డుకు బోర్డు లేదు. లోపలికి ఏ బండి వచ్చినా ఆయన మొదట చేసే పని దాని కిందికి ఒక అట్టముక్క తోయడం. తర్వాత పది నిమిషాలు పలకడు. టీ తాగుతాడు, కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. పది నిమిషాలయ్యాక అట్ట లాగి చూస్తాడు. దాని మీద ఒక్క చుక్క నూనె పడి ఉన్నా ఇక మనం చెప్పే రోగాలేవీ ఆయన చెవికెక్కవు.

"ముందు కారేది ఆపుదాం. తర్వాత కూసేది చూద్దాం" అంటాడు.

ఒకసారి కొండాపురం వైపు నుంచి ఒక పెద్ద రైతు పెద్ద బండిలో వచ్చాడు. మంది మార్బలం, తెల్ల చొక్కాలు. తిరుమల పోతున్నాం, ఆయిల్ మార్చు అన్నాడు. ఖలీలుల్లా ఇంజిన్‌లోంచి నూనె మట్టం చూసే పుల్ల లాగి, చివరనున్న నూనెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వాసన చూసి, ఒక చుక్క పాత పేపరు మీద వేశాడు. అది పరుచుకున్న తీరు చూశాడు.

"ఇంకా మూడు వేల కిలోమీటర్లు తిరిగి రా. బాగుండే నూనెను పారబోయాలని నీకేం రోగం?" అన్నాడు.

"బండి నాది, దుడ్లు నావి. నీకేందయ్యా నొప్పి?" అని ఆ పెద్దమనిషి లేచాడు.

"బండి నీదే. దుడ్లూ నీవే. పారబోసే నేల నీ ఒక్కడిదేనా?"

ఆ బండి దుమ్ము లేపుకుంటూ పోయింది, మళ్ళీ రాలేదు. నాకు ఒళ్ళు మండింది. వచ్చిన గిరాకీని చీపురు పెట్టి ఊడ్చేసే మనిషిని ఏమనాలి? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పక్క షెడ్డులో అయితే వచ్చినవాడికి వచ్చినట్టు నూనె మార్చి, తీసిన నల్ల నూనెను వెనక కాలవలోకి వంచేస్తారు. వాళ్ళు మేడలు కట్టారు, ఈయన రేకులు మార్చలేదు.

ఈయన షెడ్డులో నల్ల నూనె నేల మీద పడదు. మూలన ఒక మూత బిగించిన డ్రమ్ము ఉంది. అది నిండితే, పాత నూనెను మళ్ళీ శుద్ధి చేసేవాళ్ళ బండి నెల్లూరు నుంచి వచ్చి పట్టుకుపోతుంది. ఆ లోగా చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు సీసాలు పట్టుకుని వస్తారు. సెంట్రింగు చెక్కలకు పూయడానికి ఒకరు, చెదలు పట్టిన గుంజలకు ఒకరు. ఆయన ప్రతివాడినీ 'దేనికి?' అని అడుగుతాడు. చెక్కకు, ఇనుముకు అంటే పోస్తాడు. పోసి, సీసా మెడకు ఒక ఎర్ర గుడ్డ పీలిక కడతాడు. గుడ్డ కట్టకుండా ఆ షెడ్డు నుంచి చెంచాడు నల్ల నూనె కూడా బయటికి పోదు. ఎర్ర గుడ్డ ఉన్న సీసా వంటింట్లోకి, కొట్టంలోకి పోకూడదని అనంతసాగరం నుంచి ఉదయగిరి దాకా ఆయన్ని ఎరిగిన ఇళ్ళన్నింటికీ తెలుసు.

పశువులకు అంటే మాత్రం చుక్క పోయడు. పిడుదులు పట్టిన బర్రెలకు కాలిన ఆయిల్ పూయడం మా వైపు పాత అలవాటు. పిడుదులు రాలిపోతాయని అందరూ అంటారు. పెంచలమ్మత్త, అంటే మా నాయన చెల్లెలు, ఉదయగిరికి ఇవతల ఊళ్ళో ఒంటరిగా ఉంటుంది. ఆమెకున్నది ఆ ఒక్క బర్రె. దాని పాలే ఆమె సంసారం. పిడుదులకు ఆయిల్ కావాలని రెండుసార్లు నా బండిలోనే వచ్చి ఖలీలుల్లాను అడిగింది. రెండుసార్లూ ఉత్త సీసాతోనే పంపాడు.

"పశువుల డాక్టరమ్మ దగ్గర మందు ఉండాది, పోయి తెచ్చుకో పెంచలమ్మా. ఇది విషం" అన్నాడు.

"ఊరంతా పూస్తా ఉండారు, నా బర్రెకేనా విషం? పిసినారి సాయిబు" అని అత్త దారి పొడుగునా సణిగింది. నేనూ అవునన్నాను.

ఈ ఎర్ర గుడ్డ చాదస్తం ఎక్కడిదని ఒకసారి అడిగేశాను. మామూలుగా అయితే నా పని నన్ను చూసుకోమనేవాడు. ఆ రోజు ఎందుకో చెప్పాడు.

ఖలీలుల్లాది ఉదయగిరి. వాళ్ళ ఇంట్లో కొయ్య చెంచాలు చెక్కేవాళ్ళు. తల్లి అమీనాబీ చెయ్యి పెట్టిందంటే చెంచా అద్దంలా నునుపు తేలేదట. చెక్కిన ప్రతి చెంచానూ బుట్టలో వేసేముందు కింది పెదవికి ఆనించి చూసేది. చేతికి తెలియని గరుకు పెదవికి తెలుస్తుందని ఆమె లెక్క. ఖలీలుల్లాకు కొయ్య పని పట్టుబడలేదు. పంతొమ్మిదేళ్ళప్పుడు లారీల షెడ్డులో పనికి చేరాడు. ఇంటి గుమ్మానికి చెదలు పట్టాయని ఒక రోజు సీసాడు కాలిన ఆయిల్ తెచ్చి, చెంచాలకు మెరుపు కోసం రుద్దే నూనె సీసా పక్కన పెట్టాడు. రెండూ ఒకే రకం సీసాలు. తల్లికి ఆ వారం పడిశం, వాసన తెలియదు. అరవై చెంచాలకు ఆ నూనె రుద్దింది. రంగు బాగా తేలిందని మురిసిపోయింది కూడా. మర్నాడు ఒక చెంచా పెదవికి ఆనించగానే పెదవి మండింది.

"కొట్టలేదు, తిట్టలేదు కోటా. అరవై చెంచాలూ గోతిలో వేసి పూడ్చేసింది. ఆమె చీర కొంగు ఎర్రది. అంచు చించి ఆ సీసా మెడకు కట్టి నా చేతికిచ్చింది. నోట్లోకి పోయేదానికీ పోకూడనిదానికీ నడమ ఒక గుర్తు ఉండాలిరా అనింది. అంతే" అన్నాడు.

ఆ రోజుకు నా కోపం దిగింది. కానీ మర్నాడు నా బండి కింద మళ్ళీ అట్ట తోసి టీ తాగుతూ కూర్చున్నప్పుడు, ఈయన ఎప్పటికీ మారడని మళ్ళీ కోపం వచ్చింది.

పోయినేడాది చివర్లో ఆత్మకూరులో ఒక కల్యాణమండపంలో డ్రైవర్లందరికీ మీటింగ్ పెట్టారు. కొత్త రకం ఇంజిన్ ఆయిల్. ఆకుపచ్చ డబ్బా, దాని మీద లేత ఆకు బొమ్మ. మాట్లాడిన కుర్రవాడి పేరు ప్రశాంత్. టై కట్టుకున్నాడు. బల్ల మీద ఒక పూలకుండీ పెట్టుకున్నాడు. ఇది భూమిలోంచి తవ్విన నూనె కాదు, గింజల్లోంచి తీసిన నూనె, పర్యావరణానికి మేలు అన్నాడు. అంటూ చెంచాడు నూనె ఆ కుండీ మట్టిలో పోశాడు.

"చూడండి అన్నా, మట్టిలో కలిసిపోతుంది. ఎరువుతో సమానం!"

మేం చప్పట్లు కొట్టాం. వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. బిర్యానీ పొట్లంతో పాటు డబ్బా కూడా మోసుకుని ఖలీలుల్లా దగ్గరికి పోయాను. మామూలు ఆయిల్ కంటే ధర దాదాపు రెట్టింపు. అయినా ఈయన ముందు తలెత్తుకోవాలని ఉబలాటం. నేల, నేల అని పదకొండేళ్ళుగా నా ప్రాణం తీస్తున్నాడు గదా, ఇప్పుడేమంటాడో చూద్దామనుకున్నాను.

ఆయన డబ్బా అందుకుని ముందున్న ఆకు బొమ్మ వైపు కన్నెత్తి చూడలేదు. వెనక్కి తిప్పి, కళ్ళద్దాలు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు. నాకు విసుగు పుట్టింది.

"ఏంది భాయ్, పరీక్షకు చదువుతా ఉండావా? పోయవయ్యా!"

"నీ బండి పుస్తకం తీయి."

తీశాను. కంపెనీ వాడు ఏ నంబరు ఆయిల్ పోయమన్నాడో ఆ పేజీ చూసి, డబ్బా వెనక నంబరు చూశాడు.

"నంబరు కలిసింది. పోస్తా. కలవకపోయుంటే ఆకు కాదు, అడవి బొమ్మ వేసినా పోసేవాణ్ణి కాదు."

"అంటే మంచిదేనా? రెట్టింపు పెట్టినానే, దండగ కాదు గదా?"

"నూనె మంచిదే. దీన్ని పది వేల కిలోమీటర్లు తిప్పితే దండగ కాదు. నీ అలవాటు ప్రకారం ఐదు వేలకే మారిస్తే దండగే. అంతకు ముందు నీ బండి ఇంజిన్ కింద నూనె నిలిచే సంపులో కారతా ఉండాది, అది సరిచేసుకో. కారే బండికి ఏ నూనె పోసినా రోడ్డుకు పోసినట్టే." అని డబ్బాను నా మొహం ముందుకు తిప్పాడు. "వెనక చివరి లైను చదివినావా?"

"నువ్వు చదివినావు గదా, చాలు" అన్నాను.

ఆ మాట నా నోటితో నేనే అన్నాను. ఇంటర్ దాకా చదివాను. ఆ ఇంగ్లీషు నాకు రానిదేమీ కాదు. డబ్బా నా చేతిలోనే ఉంది. తల వంచితే సరిపోయేది.

బండి బాగానే నడిచింది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గరగర కొంచెం తగ్గింది. మైలేజీ పెరిగిందా అంటే, లేదు. ప్రశాంత్ చెప్పినంత గొప్పా లేదు, పక్క షెడ్డు వాళ్ళు నవ్వినంత చెడ్డా లేదు. సంపు కారడం ఆగింది. పది వేలు తిరగ్గానే మళ్ళీ ఆత్మకూరు పోయాను. ఈ ఏడు ఎండాకాలం మొదట్లో, ఒక శుక్రవారం మధ్యాహ్నం.

ఖలీలుల్లా టోపీ పెట్టుకుని నమాజుకు బయల్దేరుతున్నాడు. "గంటలో వస్తా. ముట్టుకోమాక" అన్నాడు. నాకు సాయంత్రం బాడుగ ఉంది. గంట ఆగడానికి ఏమొచ్చింది నాకు? ఆగలేదు. షెడ్డులో బండ్ల కింద పని చేసే గుంటలోకి దిగి డ్రెయిన్ బోల్టు విప్పాను. నూనె నల్లగా, చిక్కగా దిగింది. ప్రశాంత్ గింజల నూనె తారులా దిగింది. అది చూసైనా బుద్ధి రావాలి. రాలేదు. నిరుడు ఇంట్లో దాచిన ఖాళీ ఆకుపచ్చ డబ్బా డిక్కీలో ఉంది. అందులోకి పట్టుకున్నాను. కొత్త నూనె పోసుకున్నాను. ఖలీలుల్లా తిరిగి వచ్చేసరికి నేను రోడ్డు మీద ఉన్నాను. ఆయన డ్రమ్ములో పడలేదు కాబట్టి ఆ డబ్బాకు గుడ్డా లేదు.

మర్నాడు అత్త ఇంటి ముందు బండి ఆపి డబ్బా దించాను.

"ఇన్నాళ్ళకు తెచ్చినావా! సాయిబు ఇచ్చినాడా?" అంది అత్త.

"ఆయన్నెవరు అడిగినారు? ఇది మామూలు ఆయిల్ కాదత్తా. గింజల నూనె. మట్టిలో పోస్తే ఎరువంట. ఏం కాదు, పూయి."

అత్త డబ్బా మీది ఆకును వేలితో తడిమి చూసింది. గుడ్డ ఏదని అడగలేదు. నేను చెప్పాను గదా, ఇంకెందుకు అడుగుతుంది? ఆ సాయంత్రమే బర్రెకు మెడ నుంచి పొదుగు దాకా దట్టంగా పట్టించింది.

సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. అప్పుడు నేను ఆత్మకూరు బస్టాండు దగ్గర ఉన్నాను.

"ఒరే కోటా, బర్రె లేవలేదురా. ఒళ్ళంతా నాక్కుంటా ఉండాది, నోట్లోంచి నురుగు. దూడ పాలకు పోయి పొదుగంతా నాకింది. దానికి ఊపిరి ఆడడం లేదురా, డొక్కలు ఎగరేస్తా ఉండాది. తొందరగా రారా నాయనా!"

ఉదయగిరిలో పశువుల డాక్టరమ్మ భవ్యశ్రీకి ఫోన్ చేశాను. వెంటనే బయల్దేరుతానంది. నేను నేరుగా ఉదయగిరి దారి పట్టవలసింది. బండి మాత్రం ఖలీలుల్లా షెడ్డు ముందు ఆగింది. ఎందుకంటే, ఆ జిడ్డు వదిలించడం ఈ లోకంలో ఎవరికైనా చేతనైతే అది ఆయనకే.

రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన చేతిలో పానా ఉంది. ఒక్కటే అడిగాడు.

"గుడ్డ కట్టినావా?"

నేను నేల చూశాను. పానా నా కాళ్ళ దగ్గర రాళ్ళ మీద పడి ఎగిరింది. ముప్ఫై ఐదేళ్ళలో పట్టపగలు మూయని షెడ్డు మూశాడు. మూట నిండా పాత గుడ్డలు, రెండు సీసాల గిన్నెలు తోమే సబ్బు పట్టుకుని బండెక్కాడు.

అత్త ఊరికి గంట పైన దారి. ఆ గంటా తిట్టాడు. తెలుగులో తిట్టాడు, ఉర్దూలో తిట్టాడు, మళ్ళీ తెలుగులోకి వచ్చాడు.

"పోసేటప్పుడు గింజల నూనె అయితే ఏందిరా, పాలైతే ఏందిరా? పది వేల కిలోమీటర్లు ఆ ఇంజిన్ కడుపులో కాలి, దాని మసి, దాని ఇనప రజను, దాని డీజిలు అంతా మోసుకొని బయటికి వచ్చింది! అది ఇంకా గింజల నూనేనా? నీ కంటికి నల్లగా కనపడలేదా? ఆకు బొమ్మ కనపడింది, నలుపు కనపడలేదా నీకు?"

నేను బండి వేగం పెంచాను. తిట్టినంత సేపు ఫరవాలేదు. ఆయన మధ్యలో ఆగినప్పుడే భయం వేసింది.

మేం పోయేసరికి డాక్టరమ్మ దూడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. సూది వేసింది. అత్త బిందెతో నీళ్ళు తెచ్చి బర్రె మీద పోయబోతుంటే ఖలీలుల్లా అరిచాడు.

"నీళ్ళు పోయొద్దు పెంచలమ్మా! పరుచుకుంటాది. ముందు పొడి గుడ్డతో తుడవాల."

గుడ్డలు పంచాడు. తుడిచిన గుడ్డ తుడిచినట్టే గోనెసంచిలో వేయించాడు. ఆ తర్వాత సబ్బు, గోరువెచ్చని నీళ్ళు, మళ్ళీ సబ్బు. మూడు విడతలు. తల నుంచి తోక దాకా, చెవుల మడతల్లో, గిట్టల సందుల్లో, ఇంజిన్ విప్పి కడిగినంత శ్రద్ధగా కడిగాడు. పొదుగు దగ్గర మాత్రం అరచేత్తో, మెల్లగా, ఏదో అంటూ కడిగాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. నడుము పట్టేస్తే గోడకు ఆనుకుని నిలబడి మళ్ళీ వంగాడు.

దూడ మెడలో దిష్టి తగలకుండా అత్త కట్టిన ఎర్ర గుడ్డ ఉంది. నూనె అంటి అది సగం నల్లబడింది. దాన్ని చూసి నేను పాక బయటికి వచ్చేశాను. ఎర్ర గుడ్డ ఉండవలసింది డబ్బాకు. అది దూడ మెడలో ఉంది.

"బర్రె తేరుకుంటుంది. దూడ సంగతి చెప్పలేను. నూనె ఊపిరితిత్తుల్లోకి పోయింది" అని డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అంది. తర్వాత నా వైపు తిరిగింది. "చదువుకున్నవాళ్ళే కదండీ మీరు. పిడుదుల మందు మా దగ్గర ఉంటుందని తెలియదా?"

తెలుసు. ఖలీలుల్లా రెండుసార్లు చెప్పాడు గదా.

బర్రె రెండో రోజుకు లేచి నిలబడింది. దూడ మూడో రోజు పొద్దున్నే పోయింది. బుధవారం. గొయ్యి నేనే తవ్వాను. అత్త శాపనార్థాలు పెడుతుందని, చీపురు తిరగేస్తుందని ఎదురుచూశాను. పెట్టి ఉంటే బాగుండేది. ఆమె గొయ్యి గట్టున కూర్చుని, గొంతు పెంచకుండా అంది.

"ఇంకెవరు చెప్పినా డాక్టరమ్మను ఒక మాట అడిగుండేదాన్నిరా. నువ్వు కారు తిప్పేవాడివి. నూనె సంగతి నీకు తెలుస్తాదనుకున్నా."

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. దూడ లేని బర్రె పాలు చేపలేదు. చెయ్యి వేస్తే తన్నింది. పొద్దునా సాయంత్రం దూడ కోసం అరిచింది. అది అరిచినప్పుడల్లా అత్త నా వైపు కాకుండా గోడ వైపు చూసేది.

నాకు ఎవరినో ఒకరిని కొట్టాలనిపించింది. అడుగున గ్లాసెడు నల్ల నూనె మిగిలిన ఆ ఆకుపచ్చ డబ్బా పట్టుకుని ఆత్మకూరులో ప్రశాంత్ పెట్టిన కొట్టుకు పోయాను. ఏసీ గది. బల్ల మీద అదే పూలకుండీ.

"ఎరువుతో సమానం అన్నావే, ఒక దూడ చచ్చిపోయింది. ఏమంటావు ఇప్పుడు?"

వాడు మర్యాదగానే మాట్లాడాడు. అదే నాకు ఇంకా మంట.

"సార్, నేను చెప్పింది కొత్త ఆయిల్ గురించి. వాడిన ఆయిల్ సంగతి వెనక రాసి ఉంది కదా సార్."

డబ్బా తిప్పాడు. చివరి లైను. చీమ తలకాయంత అక్షరాలు. వాడిన తర్వాత ఈ నూనె హానికరం, చర్మానికి, నేలకు, నీటికి, జంతువులకు తగలనివ్వకండి, సేకరించేవారికే అప్పగించండి. ఖలీలుల్లా నెలల కిందట చదివావా అని అడిగిన లైను అదే.

"ఇది ఆ రోజు మండపంలో ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు సార్."

నా చేతిలో డబ్బా ఉంది. మూత తీశాను. "అయితే సరే. ఇప్పుడు అడుగుతా ఉండా. నీ మొక్కకు పోస్తా, పట్టు. ఎరువే గదా!"

వాడు రెండు చేతులతో కుండీని తన వైపుకు లాక్కున్నాడు. గుండెకు ఆనించుకున్నాడు కూడా. వాడికి తెలుసు! మండపంలో చప్పట్లు కొట్టించుకున్న రోజూ తెలుసు. మొక్కకు పోస్తే ఏమవుతుందో ఎరిగినవాడు, మాకు చెప్పలేదు. వాడి చొక్కా పట్టుకున్నాను. నలుగురు వచ్చి విడిపించారు. పైన పటారం, లోన లొటారం అని అరుస్తూ మెట్లు దిగాను. రోడ్డు మీదికి వచ్చాక అరవడానికి ఎవరూ మిగల్లేదు. నెలల పాటు ఆ డబ్బా నా దగ్గరే ఉంది, నా ఇంట్లోనే ఉంది. మూడు క్షణాల పని. వాడు చెప్పలేదు, నేను చదవలేదు. ఇద్దరిలో అత్తకు దగ్గరివాణ్ణి నేను.

డబ్బాలో మిగిలింది ఖలీలుల్లా డ్రమ్ములో వంచాను. ఆయన వచ్చి డ్రమ్ము మూత బిగించాడు.

నిన్న మళ్ళీ ఆయిల్ మార్పించాను. అదే ఆకుపచ్చ డబ్బా, ఇంకో కొట్టులో కొన్నది. బస్టాండులో తోటి డ్రైవర్లు అడుగుతుంటారు, అంత జరిగాక కూడా అదే పోస్తున్నావా, ఏమైనా ఉపయోగం ఉందా అని. ఉంది. బండి పుస్తకంలో నంబరు కలిస్తే, కారకుండా చూసుకుంటే, నిండా తిప్పితే, తీసినదాన్ని డ్రమ్ములో పోస్తే ఉంది. ఈ నాలుగూ చేయనివాడు మామూలు నూనె పోసుకున్నా ఒకటే, తేనె పోసుకున్నా ఒకటే. ఈ మాట నేను కోపంగానే చెబుతాను. వాళ్ళు నవ్వుతారు, ఖలీలుల్లా పూనాడురా వీడికి అంటారు.

నిన్న ఆయిల్ మార్పించడానికి పోతూ దారిలో పెంచలమ్మత్త ఇంటి దగ్గర ఆగాను. దూడ పోయిన నాటి నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడదు. ఒక మూట తెచ్చి ముందు సీటు మీద పెట్టింది.

"సాయిబుకి ఇయ్యి" అంది, లోపలికి పోయింది.

షెడ్డులో ఖలీలుల్లా పాత నూనె దించి, కొత్తది పోసి, నా బండి కింద అట్ట తోసి మూట విప్పాడు. అత్త పెళ్ళినాటి ఎర్ర చీర. జానెడు జానెడు పీలికలుగా చించి, వరసగా మడిచి పెట్టింది. నాలుగేళ్ళు వస్తాయి. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఒక్కో పీలికా తీసి మేకుకు తగిలించాడు. అడుగున ఒక పీలిక వేరేగా ఉంది. చీరది కాదు. పాతది, సగం నల్లది, చివర పాత ముడి.

ఆయన దాన్ని నా చేతిలో పెట్టాడు.

"ఇది నీ డబ్బాకంట. పెంచలమ్మ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పినాది. కట్టు."

దూడ మెడ గుడ్డ. బండిలోంచి దించిన నల్ల నూనె ఉన్న డబ్బా, ఇంకా డ్రమ్ములో వంచనిది, నా కాళ్ళ దగ్గరే ఉంది. వంగి కట్టాను. ఖలీలుల్లా ముడి లాగి చూశాడు. వదులుగా ఉందని మళ్ళీ కట్టమన్నాడు.